పిల్లకో ప్రశ్నపత్రం ఇచ్చే టెస్టు వస్తే మా తెలుగు మీడియం పిల్లల మార్కుల్ని ఎవరు సరిచూస్తారు?

కాశీనగర్_మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గజపతి జిల్లాలో కాశీనగర్ వైపు ఒక అప్పర్ ప్రైమరీ బళ్లో లెక్కలు చెబుతాను. ఒడిశా ప్రభుత్వ బడే, కానీ తెలుగు మీడియం. కాస్త దూరం పోతే ఆంధ్ర. ఆరో తరగతిలో ఎక్కువమందికి ఇంట్లో తెలుగు, కొండ మీద నుంచి దిగొచ్చే పిల్లలకు సవర, ఇద్దరు ముగ్గురికి ఒడియా. హాజరు పిలిచేటప్పుడే మూడు భాషల్లో జవాబొస్తుంది.

మొన్న క్లస్టర్ మీటింగు అయ్యాక టీ తాగుతుంటే ఒకాయన ఒక మాట అన్నారు. ఆర్డరు వచ్చిందని కాదు, ఊరికే కబుర్లలో. రాష్ట్రం మొత్తానికి పెట్టే సర్వే పరీక్షలు ముందు ముందు కంప్యూటర్ మీదకు వస్తాయట. అందరికీ ఒకే పేపరు ఉండదట. పిల్లవాడు సరిగ్గా చేస్తే కష్టమైన ప్రశ్న, తప్పు చేస్తే తేలిక ప్రశ్న, అలా ఎవడి పేపరు వాడిదేనట. కాపీ కొట్టడానికి కూడా వీలుండదు మాస్టారూ అని నవ్వారు. అది మాత్రం నాకూ నచ్చింది.

మొదటి అనుమానం అందరికీ వచ్చేదే. ఒకడికి తేలికవి, ఒకడికి కష్టమైనవి ఇచ్చి, ఇద్దర్నీ ఒకే లిస్టులో ఎలా పెడతారు? మా ఊళ్లో తండ్రులు అడిగేది ‘మా వాడికి ఎన్నొచ్చాయి, పక్కోడికి ఎన్నొచ్చాయి’ అని. ఇద్దరికీ ముప్పైకి ఇరవై వచ్చి స్కోరు మాత్రం వేరేగా ఉంటే నేనేం చెప్పాలి?

రెండో అనుమానం మా బడికి సంబంధించింది. దీనికోసమే ఇంత రాస్తున్నా. మాకు వచ్చే కామన్ పేపర్లు ఒడియాలో తయారై తెలుగులోకి దిగుతాయి. ఒకసారి ఆరో తరగతి లెక్కల పేపరులో ఏడో ప్రశ్న ఇలా ఉంది: ‘రవాణా నిమిత్తము 50 రూపాయలు వెచ్చింపబడి, కిలో ఒక్కింటికి 40 రూపాయల వంతున కొనబడిన 25 కిలోల బియ్యమును కిలో 44 రూపాయలకు విక్రయించిన యెడల కలుగు లాభమెంత?’ క్లాసు మొత్తం తప్పు. కొందరు ముట్టుకోలేదు. మిగతావాళ్లు 44 లోంచి 40 తీసేసి 4 అని రాసి ఊరుకున్నారు.

అందులో ఒక పిల్ల ఉంది. నాన్నది సంత దగ్గర కిరాణా కొట్టు. సాయంత్రం గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆ అమ్మాయే. నాకు చిల్లర ఎప్పుడూ తప్పివ్వలేదు. ఆ పిల్ల కూడా 4 అని రాసింది. పేపర్లు దిద్దాక అదే లెక్క నోటితో చెప్పాను: ‘ఒసే, కిలో నలభై లెక్కన పాతిక కిలోలు తెచ్చావు. ఆటోకి యాభై ఇచ్చావు. కిలో నలభై నాలుక్కి అమ్మేశావు. నీకేం మిగిలింది?’ నేను చాక్‌పీసు కింద పెట్టేలోపే ‘యాభై మాస్టారూ’ అంది. వెనక బెంచీలోంచి ఇంకో ముగ్గురు కూడా అదే అన్నారు.

అంటే పిల్లలకు లెక్క వచ్చు, ప్రశ్నే రాలేదు. అందరిదీ ఒకే పేపరు కాబట్టి, ఏడో ప్రశ్న దగ్గర నిలువునా ఎర్ర గీతలు చూసి నేను పట్టుకున్నాను. పిల్లకో పేపరు అయ్యాక ఇలాంటిది ఎవరికి కనిపిస్తుంది? ఈ పద్ధతి గురించి తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. రాజకీయాలు వద్దు.


రాయగడ_హెచ్చెమ్

మాస్టారూ, మీరు చాలా దూరం ఆలోచిస్తున్నారు. ముందు కరెంటు సంగతి చూడండి. నాది హైస్కూలు, కంప్యూటర్ ల్యాబ్ ఉంది, కాదనను. గదికి రంగులేశారు, బోర్డు పెట్టారు, బాగుంది. అయితే అక్కడున్న సిస్టమ్స్‌తో ఒక తరగతి పిల్లల్ని ఒకేసారి కూర్చోబెట్టలేను. వంతులవారీగా పెట్టాలి. పొద్దున్న రాసినవాడు మధ్యాహ్నం రాసేవాడికి ప్రశ్నలు చెప్పడా? అన్నం తింటూ చెప్పేస్తాడు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ గజపతిలో ఎలా ఉందో మీకే తెలుసు, స్తంభాలు ఎక్కడివక్కడ పడిపోయాయి. అంతదాకా ఎందుకు, వేసవి గాలివానకే మా ఫీడరు పోతుంది. అప్లికేషన్ మధ్యలో ఆగిపోతే పిల్లవాడి గతి ఏంటి?

పేపర్లు వేరైనా మార్కులు కలపడం మాత్రం కొత్తేం కాదు. జేఈఈ మెయిన్ చాలా షిఫ్టుల్లో పెట్టి పర్సంటైల్ ఇస్తున్నారుగా. ఇదీ అదే అయ్యుంటుంది. మా అబ్బాయి విశాఖలో కోచింగ్‌కు వెళ్లిన ఏడాదంతా ఆ నార్మలైజేషన్ టెన్షన్‌తోనే గడిచింది మాకు.


ప్రశ్నల_మేస్త్రి

మాస్టారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. ఉద్యోగం హైదరాబాదులో, పరీక్షలు తయారుచేసే చోట. ప్రశ్నలు రాయడం, అవి ఎలా పనిచేశాయో లెక్క చూడటం నా పని. పెద్ద జవాబే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

హెచ్చెమ్ గారూ, జేఈఈది వేరు. అక్కడ ఒక షిఫ్టులో కూర్చున్నవాళ్లందరికీ ఒకే ప్రశ్నలు, ఆ షిఫ్టులో మీవాడు ఎంతమంది కంటే పైన ఉన్నాడన్నదే పర్సంటైల్. కంప్యూటర్ మీద రాసినంత మాత్రాన అది అడాప్టివ్ అయిపోదు. అడాప్టివ్‌లో పిల్లవాడి జవాబును బట్టి అప్పటికప్పుడు తర్వాతి ప్రశ్న మారుతుంది.

ఇక మాస్టారి మొదటి అనుమానం. ఇందులో మార్కు అంటే సరైన జవాబుల లెక్క కాదు. పిల్లవాడి స్థాయిని, ప్రశ్న కష్టాన్ని ఒకే కొలబద్ద మీద గుర్తు పెడతారు. రెండూ ఒకేచోట పడితే ఆ ప్రశ్న చేయగలిగే అవకాశం 50 శాతం. పిల్లవాడు ఒక యూనిట్ పైన ఉంటే 73 శాతం, రెండు యూనిట్లు పైన ఉంటే 88. ఒక యూనిట్ కిందుంటే 27. ఆ యూనిట్ పేరు లాజిట్. డెన్మార్క్ గణితవేత్త గియార్గ్ రాష్ 1960లో పుస్తకంగా వేసిన పద్ధతి ఇది. తర్వాత దీన్ని ఇంకా పెంచినవాళ్లున్నారు కానీ మూలం అర్థమైతే చాలు. ముప్పైకి ఇరవై ఇద్దరికీ వచ్చినా, ఒకరు చేసిన ప్రశ్నలు కొలబద్ద మీద పైన ఉన్నాయి, ఇంకొకరివి కింద ఉన్నాయి. కాబట్టి స్కోర్లు వేరు. తండ్రులకు చెప్పాలంటే ‘ఎన్ని చేశాడని కాదు, ఎలాంటివి చేశాడని చూశారు’ అనండి.

ఇంత తంటా ఎందుకంటే, తెలివైనవాడికి తేలిక ప్రశ్నలిస్తే మనకు తెలిసేది తక్కువ. స్థాయికి సరిగ్గా తగ్గ ప్రశ్నలు 25 ఇస్తే కొలతలో ఉండే తేడా (అంటే అసలు స్థాయికి అటో ఇటో పోయే పొరపాటు) 0.4 యూనిట్ల దాకా తగ్గుతుంది. అవే 25, రెండు యూనిట్లు తేలికవి ఇస్తే తేడా 0.6 పైనే. అంటే ఆ 25 ప్రశ్నలూ, తగిన ప్రశ్నలు పదో పదకొండో చేసే పనే చేశాయన్నమాట. బాగా వెనకబడ్డ పిల్లల విషయంలోనూ అంతే. అందరికీ ఒకే పేపరు పెడితే కింద ఉన్నవాళ్లు అన్నీ తప్పు చేస్తారు. ‘వీడికి రాదు’ అని తప్ప, ఏది వచ్చో తెలీదు. మీ కొండ పిల్లలకు నిజానికి ఈ పద్ధతే మేలు చేయాలి.

చేయాలి అంటున్నా, చేస్తుందని అనట్లేదు. ఇక్కడే మీ రెండో అనుమానం అడ్డొస్తుంది. నా పదేళ్ల పైచిలుకు ఉద్యోగంలో ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ.

ఇదంతా నిలబడేది ప్రశ్న కష్టం ముందే సరిగ్గా తెలిసి ఉండటం మీద. దాన్ని ఎవరో కూర్చుని ఊహించరు. ముందుగా కొంతమంది పిల్లల చేత రాయించి లెక్కగడతారు. వెయ్యిమంది రాస్తే ఒక ప్రశ్న కష్టం సుమారు 0.06 యూనిట్ల తేడాతో తెలుస్తుంది. వందమందే రాస్తే 0.2. అదీ ప్రశ్న వాళ్ల స్థాయికి సరిపోయినప్పుడే. ఒడియా పిల్లలు వేలల్లో దొరుకుతారు. ఒడిశాలో ఆరో తరగతి తెలుగు మీడియం పిల్లల్ని వెయ్యిమందిని పోగేయాలంటే గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ తిరగాలి. అప్పటికీ దొరుకుతారో లేదో. అంచేత సులువుగా జరిగేది ఏంటంటే, ఒడియా పిల్లల మీద తేల్చిన అంకెనే తెలుగు ప్రశ్నకూ అంటించేస్తారు.

మీ బియ్యం లెక్క తీసుకోండి. ఒడియాలో చదివినవాడికి 50 శాతం అవకాశం ఉందనుకుందాం. తెలుగు వాక్యం వల్ల అది అర యూనిట్ బరువెక్కితే, అంతే లెక్క వచ్చిన మీ పిల్లకు 38 శాతమే. ఒక ప్రశ్న బరువై ఇంకొకటి తేలికైతే పాతిక ప్రశ్నల్లో అటూ ఇటూ సర్దుకుపోతుంది, దానికి నేను భయపడను. అన్నీ ఒకే చేత్తో, ఒకే గ్రాంథికంలో అనువాదమైతే అన్నీ ఒకవైపే బరువెక్కుతాయి. అప్పుడు మీ క్లాసు మొత్తం అర యూనిట్ కిందకి దిగుతుంది. కంప్యూటర్‌కు అనుమానం కూడా రాదు. పిల్ల తప్పు చేసింది, కాస్త తేలికది ఇచ్చింది, అది చేసింది, మళ్లీ కష్టమైంది ఇచ్చింది. అంతా పద్ధతిగానే కనిపిస్తుంది. చివర్లో ‘ఈ స్కోరులో తేడా 0.4’ అని కూడా రాసిస్తుంది. ఈ అర యూనిట్ ఆ 0.4లో లేదు. దానికి ఆ సంగతే తెలీదు.

మీరు అన్నట్టు ఎర్ర గీతలు నిలువునా కనబడవు. ఒక ప్రశ్న మీ క్లాసులో ముగ్గురికే రావచ్చు, ఆ ముగ్గురూ తప్పు చేస్తే ‘పాపం రాలేదు’ అనుకుంటారు. రాష్ట్రం మొత్తం తెలుగు పిల్లల జవాబులు విడిగా తీసి చూస్తే బయటపడుతుంది. ఎవరో ఒకరు విడిగా తీయాలి కదా.

(గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడి బళ్లో పాఠాలు చెబుతూ సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు. వాడుక తెలుగు కోసం జన్మంతా పోట్లాడారు. ఆ ఊరి పక్కనే ఆరో తరగతి పిల్లలకు ‘విక్రయించిన యెడల’! ఇంకేం అంటాం.)

ఇంకో రెండు సంగతులు. హెచ్చెమ్ గారన్న లీకేజీ నిజమైన సమస్యే. మంచి ప్రశ్నల్నే కంప్యూటర్ పదే పదే ఎంచుకుంటుంది, అందుకే ఒక ప్రశ్న ఇంతమందికి మించి పోకుండా కట్టడి పెడతారు. దానికి ప్రశ్నల నిల్వ చాలా పెద్దదై ఉండాలి. రెండోది, ఆరో తరగతి పిల్లవాడికి మూడో తరగతి ప్రశ్న ఇవ్వొచ్చా అన్నది. ఇది లెక్కతో తేలేది కాదు, విధానం తేల్చాలి. అమెరికాలో 2002లో వచ్చిన చట్టం కింద అందరినీ వాళ్ల తరగతి స్థాయిలోనే కొలవాలని పట్టుబట్టారు. 2015 డిసెంబరులో వచ్చిన చట్టం అడాప్టివ్ టెస్టులు వాడుకోవచ్చని, తరగతికి పైవీ కిందివీ ప్రశ్నలు అడగొచ్చని తేల్చింది.

ఆ రాష్ గారి సొంత దేశం డెన్మార్క్‌లో 2010 నుంచి బడి పిల్లలందరికీ అడాప్టివ్ టెస్టులు పెట్టారు. ఒక్కో పిల్లవాడి స్కోరులో తేడా చెప్పుకున్నదానికంటే ఎక్కువ ఉందని అక్కడి పరిశోధకులే లెక్కలతో సహా బయటపెట్టారు. ఒకే టెస్టులో మూడు విభాగాలు విడివిడిగా కొలవబోయారు, దాంతో ఒక్కో విభాగానికి మిగిలిన ప్రశ్నలు తక్కువ. చివరికి ఆ పద్ధతి వదిలేసి మామూలు టెస్టుకు మారారు.


బరంపురం_ఆడపడుచు

మాస్టారూ, నేను పుట్టి పెరిగింది బరంపురం, ఇప్పుడుండేది కాలిఫోర్నియాలో. మా పాప ఐదో తరగతి. మీ టీ దగ్గర పెద్దమనిషి చెప్పిన పరీక్ష ఇదే అయ్యుంటుంది. స్మార్టర్ బ్యాలెన్స్‌డ్ అంటారు. 2015 నుంచి ఇక్కడ రాష్ట్రం మొత్తానికీ ఇదే. 3 నుంచి 8 తరగతులకూ, 11కూ ఇంగ్లీషు, లెక్కలు.

మొదటి ఏడాది మా పాప పరీక్ష రాసొచ్చి ఏడుపు. ‘అమ్మా, నాకు ఏమీ రాదు, అన్నీ కష్టమే’ అంటుంది. క్లాసులో బాగా చేసే పిల్ల. నాకు గుండె జారిపోయింది. తర్వాత టీచరమ్మ చెప్పింది, బాగా చేసేవాళ్లకే అలా అనిపిస్తుందట, ఎంత చేస్తే అంత పైకి తీసుకుపోతుందట. మేస్త్రి గారు రాసిన ఆ 50 శాతం (స్థాయికి తగ్గ ప్రశ్నలైతే సగం తప్పుతాయని) చదివాక ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. మన దగ్గర పెడితే ఈ మాట పిల్లలకు ముందే చెప్పాలి మాస్టారూ, లేకపోతే ఫస్టు మార్కు పిల్లలు భయపడిపోతారు. మన ఇళ్లలో నాలుగు మార్కులు తగ్గితేనే అన్నం సయించదు.

టైము మాత్రం కట్టడి లేదు, ఎంతసేపైనా చేసుకోవచ్చు. మధ్యలో ఆపొచ్చు కానీ 20 నిమిషాలు దాటితే అంతకుముందు చేసినవి మళ్లీ తెరుచుకోవు. హెచ్చెమ్ గారి కరెంటు బెంగకు ఇదొక్కటే జవాబు: ఆగినచోట నుంచి మొదలవుతుంది. అంతా అడాప్టివ్ కూడా కాదు. పెర్ఫార్మెన్స్ టాస్క్ అని ఒక భాగంలో ఒకే విషయం మీద చదివి, ఆలోచించి, వివరంగా రాయాలి. అది పిల్ల జవాబులను బట్టి మారదు.

స్కోరు రెండు వేల చిల్లరగా వస్తుంది. మూడో తరగతి నుంచీ అదే కొలత కాబట్టి పోయినేడు కంటే ఎంత పెరిగిందో కనిపిస్తుంది. నాకు నచ్చింది ఇదే.

భాష సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నా. లెక్కల్లో స్పానిష్ పిల్లలకు ప్రశ్న పైన స్పానిష్‌లో, కింద ఇంగ్లీషులో రెండూ చూపిస్తారు. కష్టమైన మాట మీద నొక్కితే అర్థం వచ్చే సదుపాయం పంజాబీ, వియత్నామీ లాంటి భాషల్లో కూడా ఉంది. మీ పిల్లలకు తెలుగు, ఒడియా రెండూ తెర మీద పెడితే ఎలా ఉంటుంది?


గుణుపురం_వాలంటీరు

అన్నయ్యలూ, అక్కా, మీరంతా సర్వర్లు, లాజిట్లు అంటుంటే నాకు నవ్వొస్తోంది. డిగ్రీ చదివేటప్పుడు అసర్ సర్వేకి మా గుణుపురం చుట్టుపక్కల ఊళ్లు తిరిగాను. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూడటానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 2005లో మొదలుపెట్టిన సర్వే అది. ఆ కాగితం చూసినవాళ్లకు ఇదంతా కొత్త కాదు. పిల్లకు ముందు చిన్న పేరా ఇస్తాం. చదివితే కథ ఇస్తాం. చదవలేకపోతే మాటలు, అదీ కాకపోతే అక్షరాలు. లెక్కల్లో ముందు తీసివేత. అది వస్తే భాగహారం, రాకపోతే అంకెలు గుర్తుపట్టడం. కంప్యూటరూ లేదు, కరెంటూ లేదు. ఇంటి అరుగు మీద కూర్చుని, పిల్ల మొహం చూస్తూ చేసేది.

ఒకచోట ఒక పిల్లడు తీసివేత దగ్గర ఆగిపోయాడు. వాళ్ల నానమ్మ పక్కనుంచి సవరలో ఏదో అంది. వాడు వెంటనే వేళ్లు మడిచి చెప్పేశాడు. రూల్ ప్రకారం పక్కనున్నవాళ్లు చెప్పకూడదు. నానమ్మ జవాబు చెప్పలేదు, ఏం చేయమన్నారో చెప్పిందంతే. ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలీక మా సర్‌ని అడిగాను.

మెషీన్ పెట్టండి, వద్దనను. చిన్న తరగతులకు మాత్రం నోటితో అడిగే ఈ పద్ధతి తీసేయకండి.


కాశీనగర్_మాస్టారు

అందరికీ దండాలు. ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు.

మేస్త్రి గారూ, రెండు అడుగుతాను. ఒకటి, తెలుగు పిల్లలు మా దగ్గర తక్కువైతే నదికి అవతల శ్రీకాకుళం జిల్లాలో కావలసినంతమంది ఉన్నారు. వాళ్ల చేత రాయించి తెలుగు ప్రశ్నల కష్టం తేల్చకూడదా?

రెండు, కథ లేకుండా ఉత్త అంకెల లెక్కలు కొన్ని కలిపితే భాష ప్రభావం తెలిసిపోదా? 348 కి 276 కలపమంటే అనువాదం ఏముంది? అంకెల్లో సమానంగా ఉన్న ఒడియా పిల్లవాడూ మా పిల్లవాడూ కథ లెక్కల్లో విడిపోతే, ఆ తేడా భాషదే కదా.

అని రాశాక నాకే ఒకటి తట్టింది. ఒడియా మీడియం పుస్తకాల్లో అంకెలు కూడా ఒడియావే. మా పిల్లలు 1, 2, 3 అని నేర్చుకుంటారు. మా బళ్లోకి ఒడియా మీడియం నుంచి మారి వచ్చిన పిల్లవాడు కొన్నాళ్లు ఆ అంకెల దగ్గరే తడబడతాడు. కాబట్టి పేపరులో ఏ అంకెలు వేస్తారన్నది కూడా చూడాలి.

బరంపురం అమ్మా, రెండు భాషలూ చూపిస్తే పెద్ద తరగతుల పిల్లలకు పనికొస్తుంది, ఒడియా కూడా చదువుతారు కాబట్టి. ఆరో తరగతికి చిన్న తెర మీద ఆ బియ్యం లెక్క రెండుసార్లు పడితే వేలితో పైకీ కిందకీ తోసుకోవడంతోనే సరిపోతుంది.

హెచ్చెమ్ గారూ, ల్యాబ్ ఉండి మీరు బాధపడుతున్నారు. మాకు ఆఫీసు గదిలో ఒక్కటే కంప్యూటరు, దానిమీద మధ్యాహ్న భోజనం లెక్కలు.


ప్రశ్నల_మేస్త్రి

అంకెల మాట నాకు తట్టలేదు మాస్టారూ. ఉత్త అంకెల ప్రశ్నల్ని రెండు భాషలకూ వంతెనగా వాడటం మా పనిలో మామూలే, మీరు చెప్పిన పద్ధతి సరైనదే. కానీ వంతెనే ఒకవైపు ఒరిగి ఉంటే కొలతంతా ఒరిగిపోతుంది. పిల్లవాడు పుస్తకంలో చూసే అంకెలే తెర మీదా పడాలి. ఆ మాట ముందే రాసి పెట్టాలి.

అవతలి పిల్లల మీద తేల్చడం సగం పనికొస్తుంది. భాష ఒకటే కానీ పాఠాల వరస ఒకటి కాదు. మీరు ఆరులో చెప్పేది అక్కడ ఎప్పుడు చెబుతారో చూడాలి. పైగా ఆంధ్రలో 2020 నుంచి పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. అక్కడి పిల్లలు లెక్కల మాటలు ఇంగ్లీషులో వినడానికి అలవాటు పడిపోయారు. వాళ్లకు తేలికగా అనిపించే తెలుగు ప్రశ్న మీ పిల్లలకూ అలాగే ఉంటుందని చెప్పలేను. వాక్యం చదవగానే అర్థమవుతోందా లేదా అని చూడటానికి మాత్రం వాళ్లు చాలు.

కరెంటు, నెట్ లేని బళ్లకు ఇంకో దారి ఉంది. ప్రశ్న ప్రశ్నకూ మార్చకుండా గుత్తులుగా మార్చడం. ముందు అందరికీ ఒక చిన్న గుత్తి, దాన్ని బట్టి తర్వాతి గుత్తి తేలికదో కష్టమైనదో. ఆస్ట్రేలియాలో నాప్లాన్ అనే దేశవ్యాప్త పరీక్ష ఇలాగే నడుస్తుంది. 2018లో ఆన్‌లైన్‌కు మార్చడం మొదలుపెట్టి 2022కి పూర్తిచేశారు, అంత డబ్బున్న దేశానికే అన్నేళ్లు పట్టింది. ఈ పద్ధతిని కాగితం మీద కూడా చేయొచ్చు. గుణుపురం చెల్లాయి చెప్పిన అసర్ కాగితం దీనికి దగ్గరే. గుత్తుల్లో ఇంకో లాభం, మీ క్లాసులో పదిమందికి ఒకే గుత్తి వస్తుంది. మీ ఎర్ర గీతలు మళ్లీ కొంత కనబడతాయి.

ఏ పద్ధతి వచ్చినా మీరు గట్టిగా అడగాల్సింది ఒకటే. తెలుగు పిల్లల జవాబులు విడిగా తీసి, ఒక్కో ప్రశ్న వాళ్లకు ఎలా పనిచేసిందో చూసి, ఆ కాగితం బడికి పంపమనండి. స్కోరు పంపి ఊరుకుంటే ఒప్పుకోకండి.


రాయగడ_హెచ్చెమ్

జేఈఈ సంగతి ఇప్పుడర్థమైంది, థాంక్స్ మేస్త్రి గారూ. కానీ ఒకటి. కాగితం పంపమంటే పంపుతారు, అది కూడా ఒడియాలోనో ఇంగ్లీషులోనో నలభై పేజీలు వస్తుంది. చదివి సంతకం పెట్టమంటారు.


కాశీనగర్_మాస్టారు

పెడదాం హెచ్చెమ్ గారూ, చదివే పెడదాం.

ఈలోపు నేను ఒక పని మొదలుపెడుతున్నా. పాత కామన్ పేపర్లలో క్లాసు మొత్తం తప్పు చేసిన కథ లెక్కలు ఏరి, ఒక్కోటి వాడుక తెలుగులో తిరగరాస్తాను. సగం పిల్లలకు పాతది, సగం పిల్లలకు కొత్తది ఇస్తాను, చీటీలు తీసి. అంకెలు మార్చను. మా ఒక్క క్లాసుతో ఏమీ తేలదని మేస్త్రి గారి లెక్క చూశాకే తెలిసింది. కాబట్టి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఆరు, ఏడు తరగతులకు తెలుగులో లెక్కలు చెప్పే మాస్టార్లు, టీచరమ్మలు ఎవరైనా ఉంటే ఇక్కడే కింద రాయండి, ప్రశ్నలు పంపుతాను. మొదటిది బియ్యం లెక్కే. పిల్లల పేర్లు అక్కర్లేదు, ఇంట్లో ఏ భాషో రాస్తే చాలు.